ఖాజా సాబ్ చూపిన పాత మత్తడి

ఎర్ర పెయింటు డబ్బా మూత తీసినప్పుడల్లా ఆ ఘాటు వాసనతో పాటే ఖాజా సాబ్ గుర్తొస్తారు. ఈ ఉదయం కూడా హద్దురాళ్ల మీద నంబర్లు వేయించడానికి డబ్బా తెరవగానే అదే జరిగింది. ఆయన మా నీటిపారుదల సెక్షన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్. చదివింది పదో తరగతి. నేను వరంగల్‌లో సివిల్ ఇంజనీరింగ్ ముగించి ఆయనకు పైఅధికారిగా చేరాను. ఉద్యోగ విరమణ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

నెక్కొండ అవతల, గుట్టల నడుమ ఉన్న ఒక చిన్న చెరువుకు హద్దు గుర్తించడం నా మొదటి పని. నిండినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో అంతవరకు శిఖం, అంటే చెరువు భూమి. అందులో ఇక సాగు చేయనివ్వరు. నేను పుస్తకంలో వరసగా రాసుకున్నాను: ఉత్తరాన నిట్టనిలువు బండ, తూర్పున రాళ్ల గుట్ట, దక్షిణాన కట్ట, కట్ట కొసన మత్తడి, పడమర మెల్లగా పైకి లేచే ఎర్ర మెట్ట చెలక. నిండిన నీళ్లు మత్తడి మీదుగానే పొర్లిపోతాయి కాబట్టి దాని పైఅంచే చెరువు నిండు మట్టం. అక్కడ కొలకర్ర నిలబెట్టి, లెవెల్ మిషన్‌తో చూసి అదే మట్టంలో చుట్టూ ఎర్ర పెయింటు గుర్తులు పెట్టించి, రెండు రోజుల్లో పైఆఫీసుకు మ్యాపు పంపేశాను. ఆ రెండు రోజులూ ఖాజా సాబ్ సెలవులో ఉన్నారు.

మూడో రోజు లచ్చవ్వ అనే ముసలామె ఆఫీసుకు వచ్చింది. పడమటి చెలకలో ఆమెకున్న ముప్పై గుంటలూ నా గుర్తుల లోపల పడ్డాయి.

"సారూ, నేను కాపురానికొచ్చిన కాన్నుంచి ఆ చెలకల నీళ్లు నిలవడంగ సూడలె. మీ మిషన్‌కు ఎట్ల కనవడ్డయి?"

"మిషన్ అబద్ధం చెప్పదు అవ్వా," అన్నాను.

ఆ ఉదయమే సెలవు నుంచి వచ్చిన ఖాజా సాబ్ నవ్వారు. "మిషన్ చెప్పదు బేటా. దాన్ని ఏడ పెట్టి చూసినవో నువ్వు చెప్పాలె. పా, జర చూసొద్దాం."

చెరువు దగ్గర ఆయన పరికరం ముట్టుకోలేదు. ముందు పడమటి ఒడ్డున నడిచి, నా గుర్తుకు దిగువన ఉన్న సీతాఫలం చెట్లు చూపించారు. ఎన్నో ఏళ్ల నాటి ముదురు మొదళ్లు.

"ఏటా నెలల తరబడి నీళ్లల్ల నిలవడితే ఇవి బతుకుతయా, ఇంజనీర్ సాబ్?"

తర్వాత మత్తడి పక్కన పారతో మట్టి గీకారు. పైన రెండు వరసల కొత్త రాళ్లు, వాటి కింద సున్నంతో కట్టిన నల్లరాయి, అసలు పాత మత్తడి. చేపలు కొట్టుకుపోకూడదని అంతకుముందు ఎండాకాలం ఎవరో ఎత్తు పెంచారట. ఆ తర్వాత చెరువు నిండనే లేదు. పైనున్న సిమెంటు పూతను నేను మరమ్మతు అనుకున్నాను. తేడా అడుగున్నర. ఉత్తరపు బండకు అది రెండు జానల తడి. ఏటవాలు తక్కువున్న పడమట మాత్రం లచ్చవ్వ భూమి మొత్తం.

"సవరించిన మ్యాపు రేపు మెల్లగా పంపేద్దాం సాబ్. ఎవరికీ తెలియాల్సిన పని లేదు," అన్నాను.

"ఆఫీసు సంగతి తర్వాత. నీ గుర్తులు చూసిన కాన్నుంచి ఆమె ముద్ద మింగుతలేదట. ముందుగాల ఆడికి పా."

లచ్చవ్వ ఇంటికి వెళ్లాం. "తప్పు నాదే అవ్వా. నీ భూమి శిఖంలో లేదు," అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని ఖాజా సాబ్ వైపు తిరిగింది.

"గీ పిలగాడు మల్ల మాట మార్చడు గద సాబూ?"

"మార్చడు లచ్చక్కా. నేనున్న గద."

"అయితే మిర్ప నారు పెట్టుకుంట."

ఆ సాయంత్రమే జరిగిన తప్పును నా పేరుతో రాసిచ్చాను. చీవాట్లు బాగానే పడ్డాయి. ఇప్పుడు ఏ చెరువుకు వెళ్లినా ముందు ఏటవాలు తక్కువున్న ఒడ్డుకే నడుస్తాను. అక్కడ ఎవరిదో ఒకరి చెలక ఉంటుంది. ఎవరిదో, ఏం వేస్తున్నారో అడిగి, ఆ తర్వాతే మిషన్ స్టాండు కాళ్లు భూమిలో దింపుతాను.