కారు షెడ్డులో పాలు పొంగిన రోజు

కోరుట్లలో మా ఇంటికి ఆనుకుని ఉన్న కారు షెడ్డును మూడే రోజుల్లో, ఈ రెండు చేతులతోనే గదిగా మార్చేశాను. గోడ కట్టింది నేనే, బండలు పరిచింది నేనే.

సరే, పద్దెనిమిది రోజులు పట్టింది. కట్టింది మేస్త్రీ. నేను అందరికీ చాయ్ పోశాను, ఒక కిటికీకి రంగు వేశాను. అదీ సగమే.

దుబాయిలో ఇరవై ఏళ్లు పరాయివాళ్ల కార్లు నడిపాను కనుక, ఇల్లు కట్టుకున్నప్పుడు ముందుగా గీయించుకున్నది ఆ షెడ్డునే. కారు మాత్రం రాలేదు. అందులో స్కూటరు, పసుపు బస్తాలు, మా ఇంటావిడ కోళ్లు కాపురముండేవి.

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన ఏడు మా అక్కకూ బావకూ పూట గడవడం కష్టమైంది. నలభై ఏళ్లు వాటి మీదే బతికిన బావ, భివండీ పోయి అక్కడి మగ్గాల మీద పనిచేస్తానని సంచీ సర్దుకున్నాడు. ఆయన దగ్గుకు మళ్లీ ఆ దూది దుమ్ము పడదని అక్క భయం. సిరిసిల్లలో పనులు మళ్లీ మొదలయ్యేదాకా మా దగ్గర ఉండమన్నాను. బామ్మర్ది ఇంట్లో కూర్చుని తినడం ఆయనకు నామోషీ. అందుకే వేరే వాకిలి, వేరే పొయ్యి ఉన్న గది కావలసివచ్చింది.

కారు కడిగిన నీళ్లు బయటికి పోయేందుకు నేల వీధివైపు వాలుగా ఉందనీ, మొరం పోసి సమం చేయకుండా బండలు వేయొద్దనీ మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు. దుబాయిలో ఇలాంటివి వంద చూశానని ఆయన నోరు మూయించాను. చూసిన మాట నిజమే, వాటిలో కార్లు పెట్టడానికి చూశాను. షట్టరు పీకించి గోడ కట్టించాను, తలుపు పెట్టించాను. గోడ అడుగున నీళ్లు పోయే తూము పూడ్చడం మాత్రం అందరం మరిచాం.

వాళ్లు వచ్చిన ఉదయం, కొత్త గది కనుక అక్క పొయ్యి ముట్టించి పాలు పొంగించింది. తూర్పుకు పొంగితే మంచిదని చుట్టూ నిలబడి చూస్తున్నాం. పాలు దిక్కులు చూసుకోలేదు. గిన్నె వంగిన వైపే పొంగి, బండల మీద జారి, తూములోంచి వీధిలో పడ్డాయి.

బావ ఆ ధారను చివరిదాకా చూశాడు.

“సూసినవా బామ్మర్దీ, పాలే బస్టాండు తొవ్వ పట్టినయ్. ఇగ మేం గూడ పోతం” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, సంచీ ఇంకా చేతిలోనే ఉంది.

అక్క ముఖం వాడిపోయింది. అప్పుడు నేనే ముందుకు వచ్చి, “గవి సిరిసిల్లల సాంచాలు నడుస్తున్నయో లేవో సూసొస్తయ్ బావా. మల్లొచ్చి చెప్పేదాక ఉండు” అన్నాను. బావ కాసేపు నేలను చూసి, సంచీ మేకుకు తగిలించాడు.

ఇంతవరకు రాసింది మొన్న అక్కకు చదివి వినిపించాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది.

“తమ్మీ, గా మాట అన్నది నేను. నువ్వు మేస్త్రిని తిట్టుకుంట బయట తిరిగినవ్. మీ బావ ఆగింది గూడ మాటలకు గాదు. గా వంకర నేల నీతోని సాపు గాదు, తానే చేసి పోతనని ఆగిండు.”