రుద్రంగి గుట్ట దిగుడు

పోయిన వారం ఒకరోజు పొద్దున్నే కోరుట్ల నుంచి ఉస్తాద్ బిడ్డ ఫోన్ చేసింది. "అన్నా, నాయిన పోయిండు" అని, నేను నోరు తెరవకముందే పెట్టేసింది. జగిత్యాలలో లారీ లోడు మీద టార్పాలిన్ పట్టా కడుతున్నవాణ్ని, తాడు అక్కడే వదిలేసి బయలుదేరాను.

నాకు లారీ నేర్పింది ఆయనే. గల్ఫ్‌లో చిన్న బండి నడిపి వచ్చి, అన్నీ తెలుసనుకునే రోజులు నావి. ఆయన తిట్టని దినం లేదు. తప్పు గేరు వేస్తే, టైర్లు కొట్టి చూసే ఇనుప రాడ్‌తో నా వేళ్ల మీద కొట్టేవాడు. పెండ్లయినవాణ్నని కూడా చూసేవాడు కాదు. ఆ తర్వాత తన చాయ్‌లో సగం నాకు పోసేవాడు, మొహం అటు తిప్పుకొని.

మా బండి వెనక ఇరుసుకు రెండు వరుసల గేర్లుండేవి. గేరు రాడ్‌కున్న బటన్ కిందికి నొక్కితే 'లో' గేరు. బరువును పట్టి మెల్లగా నడిపిస్తుంది. పైకి లేపితే 'హై', వేగం వస్తుంది.

"గుట్ట మీదనే 'లో'ల వెయ్యి. పట్టిందో లేదో చూసుకొని గప్పుడు దిగు," అనేవాడు. "దిగేటప్పుడు బటన్ ముట్టినవా, గిటు పట్టదు, గటు పట్టదు. నడుమ ఇరుకుతది. ఇంజన్ బండిని ఇడిచిపెడ్తది. ఇగ ఒక్క బ్రేకులు ఎంతని ఆపుతయిరా?"

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులవి. బియ్యం లోడుతో కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోతున్నాం. నేను నడుపుతున్నాను, ఆయన పక్కన కూర్చున్నాడు. గుట్ట మీద ఎదురొచ్చిన ఆటో అతను, కింద రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేయబోతున్నారని చెప్పాడు.

"ఇక్కడ్నే ఆగుదాం," అన్నాడు ఉస్తాద్. "తెలంగాణ కోసం ఒక పూట ఆగితే ఏం పోతది?"

"వాళ్లు కూసునేలోపల దాటిపోదాం ఉస్తాద్," అని బతిమాలాను.

"సరే. లోలనే దిగు. తొందరపడకు."

సగం దిగాక, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నప్పుడు, తొందరగా దాటాలని బటన్ పైకి లేపాను.

ఇంజన్ ఒక్కసారి అరిచింది. బండి పట్టు విడిచి జారింది. బ్రేకు తొక్కాను, కాలిన వాసన వచ్చింది గానీ వేగం తగ్గలేదు. మలుపు తిరిగేసరికి రోడ్డు నడుమ పొయ్యిలు, వాటి చుట్టూ ఆడవాళ్లు. నా చేతులు బిగుసుకుపోయాయి. ఉస్తాద్ స్టీరింగ్ పట్టి తన వైపుకు గుంజాడు. ఎడమ పక్క బండకు గుద్దుకుంది. నాకు గీత కూడా పడలేదు. గంటెలు విడిచి ఉరికొచ్చిన ఆ ఆడవాళ్లే ఆయన్ను బయటికి తీశారు. ఎడమ కాలు మోకాలి దాకా పోయింది.

పోలీసులకూ, లారీ యజమాని సేటుకూ నేను చెప్పింది ఒక్కటే: "బ్రేకులు ఫెయిలైనయి." బ్రేకులు చూసుకోవాల్సింది పెద్ద డ్రైవర్. సేటు మళ్లీ ఉస్తాద్ మొహం చూడలేదు. బండి బాగు చేయించి నాకే ఇచ్చాడు.

దవాఖానలో ఉస్తాద్‌ను చూడబోయాను. "బ్రేకులు మంచిగనే ఉండె గదరా," అన్నాడు. మరోసారి ఆ మాటెత్తలేదు. ఆయన పేరు మాత్రం ఊళ్లో 'బ్రేకు సూడని డ్రైవర్' అయింది. నేను ఆయన నేర్పినట్టే గుట్టలు దిగుతూ, నా పిల్లల్ని చదివించుకున్నాను.

పోయిన వారం కోరుట్లలో శవం పక్కన ఎవరో పెద్దమనిషి, "గా పొద్దు బ్రేకులు సూసుకుంటే గింత గోస ఉండకపోవు," అన్నాడు. ఇక ఆగలేకపోయాను.

"బ్రేకులు మంచిగనే ఉండె. బటన్ ముట్టింది నేను."

ఉస్తాద్ బిడ్డ తల ఎత్తింది. "మాకెరుకే అన్నా. నువ్వే చెప్తవని నాయిన గిన్నేండ్లు సూసిండు. ఆయన పోయినంక ఇప్పుడెవలి కోసం చెప్తున్నవ్?"

పాడె ఎత్తేటప్పుడు నేను భుజం పెట్టబోతే ఆమె నా చేయి తీసేసింది.

అందరికన్నా వెనక నడిచాను. ముందు పాడె మీద కప్పిన తెల్లగుడ్డ కుడిపాదం దగ్గర ఎత్తుగా నిలబడి ఉంది. ఎడమ పక్కన మాత్రం చదునుగా, గాలికి కొంచెం కొంచెం లేస్తూ ఉంది.