దవడకు కట్టిన చున్నీ

మా నాలుగేళ్ల పాప మగ్గం గుంటలో బోర్లాపడింది. గడ్డానికి కుట్లు వేసిన డాక్టరు, చెవి ముందర దవడ కీలు దగ్గర ఎముక చిట్లిందని చెప్పి మమ్మల్ని ధర్మవరం నుంచి అనంతపురం పంపాడు. అక్కడ మేం చూపించుకున్న డాక్టరమ్మ గది బయట బి.డి.ఎస్., ఎం.డి.ఎస్. అని రాసి ఉంది. నేను డిగ్రీ చదివినదాన్ని. పళ్ల డాక్టరుకు ఎముకల సంగతేం తెలుస్తుందనుకున్నాను.

"ఆపరేషన్ అక్కర్లేదు. మెత్తటివి పెట్టు. నోరు మాత్రం రోజూ తెరిపించల్ల, ఏడ్చినా సరే," అందామె.

ఇంటికొచ్చాక మా అత్త మండిపడింది. "ఇరిగిన ఎముకను యాడన్నా కదిలిస్తారా? కాలిరిగితే నడిపిస్తారా? కట్టు కట్టల్ల గానీ!"

ఆ మాట నాకూ నచ్చింది. పాత చున్నీ తీసి పాప గడ్డం కింద నుంచి నడినెత్తికి నేనే కట్టాను. రాగిజావ, పాలు స్ట్రాతో పట్టాను. మాట్లాడబోతే కసిరాను. పాప బుద్ధిగా నోరు కదపడం మానేసింది. నేను మురిసిపోయాను.

మళ్లీ చూపించడానికి వెళ్లేసరికి పాప పళ్ల మధ్య ఒక్క వేలు కూడా దూరలేదు.

"ఏమ్మా, తెరిపించినావా?"

"కట్టు కట్టినా మేడం. మీరు పళ్ల డాక్టరని..."

"పళ్లు యాడుంటాయమ్మా, దవడలో కాదా?" అని నన్నే చూసింది. "ఐదేండ్లు పళ్ల చదువు. ఆమీద మూడేండ్లు దవడలు, మొగం ఎముకలే. బండ్ల మీద నుంచి పడి మొగాలు పగలగొట్టుకొని వచ్చినోళ్లకు ప్లేట్లు బిగించి నేర్చుకున్నా. ఆ పొద్దే అడిగింటే చెప్పేదాన్ని కదా, తిడతానా? చిన్నబిడ్డల కీలు కదిలించకపోతే అతుక్కపోతాది. ఇప్పుడన్నా తెరిపించు. లేదంటే ఆపరేషనే."

ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్కపుల్లలను ఒకదానిపై ఒకటి పేర్చి పాప పళ్ల మధ్య పెట్టింది. పాప అరిచింది. నేను కళ్లు మూసుకున్నాను.

"నువ్వు కండ్లు మూసుకుంటే ఎట్లమ్మా? రేపట్నుంచి నువ్వే పెట్టల్ల."

ఇప్పుడు ఆ పుల్లలు చూడగానే పాప వాళ్ల నాయన వెనక దాక్కుంటుంది. "నువ్వొద్దు. డాక్టరమ్మ పెడితేనే తెరుస్తా," అంటుంది. ఎత్తుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను. నిన్న పళ్ల మధ్య ఇంకో పుల్ల ఎక్కువ పట్టింది. ఆపరేషన్ తప్పుతుందో లేదో డాక్టరమ్మ ఇంకా చెప్పలేదు. పాప వెక్కినప్పుడల్లా నా వేళ్లు వాటంతటవే వదులవుతాయి. మళ్లీ బిగించి పట్టుకుంటాను.