అన్‌సీజన్‌లో రాలిన దూది

నేను చిలకలూరిపేటలో పత్తి నుంచి గింజ వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో పనిచేస్తాను. లారీల్లో వచ్చిన పత్తిని గుప్పెటతో పట్టి చూసి, తేమ ఎంతుందో, చెత్త ఎంతుందో చెప్పడం నా పని. పని మంచిదే కానీ నేను అందులో చేరిన కారణం మా యజమానికి ఇప్పటికీ తెలియదు. మిల్లులో అందరి మీదా తెల్లగా ఏదో ఒకటి ఉంటుంది. జుట్టు మీద, కనుబొమల మీద, భుజాల మీద. అక్కడ నా భుజాల మీద ఉన్నదేమిటని ఎవరూ అడగరు.

నాకు సోరియాసిస్ ఉంది. డిగ్రీ అయిన కొత్తలో మోచేతి మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మచ్చగా మొదలైంది. దాని మీద తెల్లటి పొట్టు కట్టింది. తర్వాత తీరిగ్గా తలలోకి పాకింది. అప్పుడు నేను బట్టల కొట్లో పనిచేసేవాణ్ణి. నల్ల జాకెట్టు ముక్క పరిచి చూపిస్తుంటే దాని మీద పొట్టు రాలేది. కొనడానికి వచ్చినావిడ ముందు గుడ్డ వైపు, తర్వాత నా తల వైపు చూసి, వేరే రంగు చూపించమనేది. కొన్నాళ్ళకి ఓనరు నన్ను గోడౌనుకి మార్చి, అది ప్రమోషన్ అని చెప్పాడు. చీకటి గదిలో మూటల మధ్య కూర్చోబెట్టే ప్రమోషన్ నాకు అక్కర్లేదనిపించింది. ఒళ్ళు మండి మానేసి మిల్లులో చేరాను.

అక్కడ హాయిగా ఉండేది. పొడుగు చేతుల తెల్ల చొక్కాలే కొనుక్కునేవాణ్ణి. ఎండాకాలంలో కూడా చేతులు మడిచేవాణ్ణి కాదు. చూసినవాళ్ళు పద్ధతైన మనిషి అనుకునేవాళ్ళు.

నన్ను పెంచిన మేనత్త ఒంగోలు దగ్గర పల్లె నుంచి సంబంధం తెచ్చింది. మిరప పండించే కుటుంబం. పెళ్ళిచూపులు మాఘమాసంలో. అది మాకు సీజన్ మంచి పట్టులో ఉండే సమయం, పత్తి లారీలు హైవే దాకా బారులు తీరి ఉన్నాయి. సెలవు దొరకలేదు. మధ్యాహ్నం దాకా పనిచేసి, ముఖం కడుక్కుని, అట్నుంచి అటే బస్సెక్కాను.

చెప్పకుండా పెళ్ళి చేసుకోకూడదని ముందే అనుకున్నాను. కాఫీలయ్యాక అమ్మాయి తండ్రిని వసారాలోకి పిలిచాను.

"నాకు చర్మానికి సంబంధించి ఒక జబ్బుందండీ. పొట్టు రాలుతుంది. ఒకరి నుంచి ఒకరికి వచ్చేది కాదు. కానీ పూర్తిగా పోయేదీ కాదు," అన్నాను.

ఆయన నా భుజం దులిపాడు. దూది లేచింది.

"మిల్లు పనిలో అంతే గదా బాబూ. మిరపకాయల్లో పనిచేస్తే మాకు తుమ్ములు రావట్లా? స్నానం చేస్తే పోయేదానికి జబ్బని పేరెందుకు?"

"అది కాదండీ. ఇది దూది కాదు."

"నీ అంత నిజాయితీపరుణ్ణి నేను చూళ్ళేదయ్యా," అని ఆయన లోపలికెళ్ళి సంబంధం ఖాయం చేశాడు.

మమ్మల్నిద్దర్నీ కాసేపు మాట్లాడుకోమన్నారు. మీకు ఏ కూర ఇష్టమని ఆమె అడిగింది. గుత్తొంకాయ అన్నాను. తనకీ అదే ఇష్టమంది. వంకాయ గురించి ఇంకాసేపు మాట్లాడుకున్నాం.

వైశాఖంలో పెళ్ళయింది. అప్పటికి మిల్లు మూసేశారు. అన్‌సీజన్‌లో మిషన్లకి రిపేర్లు చేయించడానికి నాలాంటి ఇద్దరు ముగ్గుర్ని మాత్రం ఉంచుతారు. మా ఆవిడ పుట్టింటి నుంచి ముదురు ఎరుపు దిండు గలీబులు తెచ్చింది. రోజూ పొద్దున్నే వాటిని దులిపేది. ఏమీ అనేది కాదు. ఒకరోజు దులపడం ఆపి నన్ను పిలిచింది.

"మిల్లు మూసి నెల దాటింది గదండీ?"

"దాటింది."

"మరి ఈ దూది ఎక్కడిది?"

చెప్పాను. చొక్కా చేతులు పైకి మడిచి చూపించాను. ఆమె చూసింది. మీ నాన్నగారికి అప్పుడే చెప్పానని కూడా అన్నాను. వెంటనే ఆమె ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, వాళ్ళ నాన్నని అడిగింది.

"చెప్పాడమ్మా. నేనే దూదనుకున్నా," అన్నాడాయన.

ఆమె ఫోన్ పెట్టేసింది. "మా నాన్నకి చెప్పారు. బాగుంది. మీరు పెళ్ళి చేసుకుంది మా నాన్ననా?"

వంకాయ గురించి అంతసేపు మాట్లాడినవాణ్ణి, ఇది కూడా ఆమెతోనే మాట్లాడి ఉండొచ్చు.

ఆ తర్వాత వారానికే ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్ళికూతురు ఆ నెల పుట్టింట్లో ఉండాలి. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. మామగారు వచ్చి, నా మొహం చూడకుండా కాఫీ తాగి, కూతుర్ని తీసుకెళ్ళాడు. నెలరోజులకి రెండు సూట్‌కేసులూ ఎందుకో నాకు అర్థం కాలేదు. పద్ధతి ప్రకారం వెళ్ళిందో, నన్ను వదిలేసి వెళ్ళిందో తెలుసుకునే దారి లేదు. వెళ్ళి అడుగుదామంటే గడప అడ్డం. సాయంత్రం ఫోన్ చేస్తే, "తిన్నారా?" అనేది. తిన్నానంటే, "సరే," అనేది. వదిలేసిన భార్యలు తిన్నారా అని అడుగుతారో అడగరో నాకు అనుభవం లేదు.

భయమేసింది. ఇన్నేళ్ళూ ఒక్కణ్ణే ఉన్నవాణ్ణి, ఆ నెలలో మాత్రం ఇల్లు భరించలేకపోయాను. ఆమె రావాలని నాకు చాలా ఉంది. ఫోన్‌లో ఆ మాట నోటిదాకా వచ్చి, పప్పూ చారూ అన్న మాటగా బయటపడేది.

శ్రావణం లోపల ఒళ్ళు బాగుచేసుకుంటే వస్తుందని నాకు నేనే తేల్చుకున్నాను. మేనత్త రంగంలోకి దిగింది. వేపాకు రసం తాగించింది. వంకాయ, గోంగూర, ఎండుచేపలు మాన్పించింది. చివరికి కారం మానెయ్యమంది. గుంటూరు జిల్లాలో ఒక మనిషిని కారం మానెయ్యమనడం, ఊరొదిలి పొమ్మనడం రెండూ ఒకటే. అదీ చేశాను. చప్పటి కూడుతో కోపం పెరిగింది తప్ప మచ్చలు తగ్గలేదు.

ఇక లాభం లేదని మెడికల్ షాపుకెళ్తే, అక్కడాయన చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చాడు. రోజుకి రెండుసార్లు రాశాను. అద్భుతం. కొద్దిరోజుల్లో మోచేతులు పెళ్ళికొడుకు చేతుల్లా అయ్యాయి. అద్దం ముందు ఇటూ అటూ తిరిగి చూసుకున్నాను. తగ్గిపోయిందిగా అని రాయడం మానేశాను. ఆషాఢం ఇంకా కొన్ని రోజులుందనగా మచ్చలు మళ్ళీ లేచాయి. పాతవాటికి తోడు కొత్తవి, మోకాళ్ళ మీద, నడుం మీద, అంతకుముందుకన్నా ఎర్రగా. శ్రావణం నాటికి నేను పెళ్ళిచూపుల నాటికన్నా అన్యాయంగా తయారయ్యాను.

శ్రావణమాసం మొదటి శుక్రవారం దాటాక ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. ముందు మామగారు దిగాడు. తర్వాత సూట్‌కేసులు, రెండూ. ఆమె చివర్న దిగింది. నేను పొడుగు చేతుల తెల్ల చొక్కాలో గుమ్మంలో నిలబడ్డాను. ఆమె లోపలికి వచ్చి, మంచినీళ్ళు తాగి, "చొక్కా తియ్యండి," అంది.

మామగారు వీధిలోకి వెళ్ళిపోయాడు.

నా వీపు చూసి ఆమె మొదట అడిగింది, "ఏం రాశారు?" అని. ట్యూబు చూపించాను. "డాక్టరు చెప్పింది నిజమే. ఎవరో ఒకరు మీ చేత ఇట్టాంటి స్టిరాయిడ్ రాయించి ఉంటారన్నాడు," అంది.

ఏ డాక్టరని అడిగాను. ఆషాఢంలో వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని గుంటూరు వెళ్ళి, చర్మం డాక్టరు దగ్గర, జబ్బు లేని పేషెంటుగా కూర్చుని, అడగాల్సినవన్నీ అడిగి వచ్చిందట. ఇది అంటదు. పూర్తిగా పోదు. అదుపులో పెట్టుకోవచ్చు. స్నానం చేసి ఒళ్ళు తడి ఆరకముందే క్రీము రాయాలి. గీరకూడదు. మందు ఎవరు పడితే వాళ్ళు చెప్పింది వాడకూడదు, వాడేదాన్ని ఇష్టమొచ్చినప్పుడు ఆపకూడదు. పొద్దున్నే కీళ్ళు పట్టేస్తే వెంటనే వచ్చి చెప్పాలి. చలికాలంలోనూ, మనసు బాగోనప్పుడూ పెరుగుతుంది. పెరిగిందని బెంగ పెట్టుకుంటే ఇంకా పెరుగుతుంది.

"కారం?" అన్నాను.

"తినొచ్చన్నాడు."

తర్వాత సూట్‌కేసు తెరిచి, అల్లుడికని వాళ్ళమ్మ పంపిన బట్టల్లోంచి ఒక చొక్కా తీసింది. ముదురు నీలం, పొట్టి చేతులు. నేను అలాంటి రంగు వేసుకుని పదేళ్ళయింది. ఇది నాకొద్దు, రాలిందంతా కనపడుతుంది అన్నాను.

"కనపడాలి. తెల్ల చొక్కా మీద తగ్గిందో పెరిగిందో నాకెట్టా తెలుస్తుంది?" అంది.

నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. చొక్కా తలమీంచి వేసుకుంటూ కాసేపు అందులోనే ఉండిపోయాను.

అది జరిగి చాలా ఏళ్ళయింది. జబ్బు పోలేదు. గుంటూరు డాక్టరు దగ్గర రెండు మూడు రకాల మందులు మారాయి, మాత్రలు వాడినన్నాళ్ళూ రక్తపరీక్షలు చేయించుకున్నాను. కొన్నేళ్ళు దాదాపు ఏమీ లేదు. ఒక చలికాలం, గొంతునొప్పితో జ్వరం వచ్చాక, ఒళ్ళంతా లేచింది. మళ్ళీ సర్దుకుంది. మామగారు ఇప్పటికీ నా భుజం వైపు చూడడు, ఎదురుపడితే వాతావరణం గురించి మాట్లాడతాడు. మేనత్త మాత్రం వేపాకు మీద ఆశ వదులుకోలేదు. మా ఇంట్లో గుత్తొంకాయ వారానికోసారి ఉంటుంది, కారంతో సహా.

ఇప్పుడు నావన్నీ ముదురు రంగు చొక్కాలే. సీజన్‌లో మిల్లు నుంచి వచ్చేసరికి ఏది ఏదో నాకే తెలియదు. ఆమె గుమ్మంలో నిలబెట్టి, వేళ్ళతో భుజం మీద ఒక్కసారి తడుతుంది. దూదైతే నూలు గుడ్డకి పట్టుకుని అక్కడే ఉంటుంది. పొట్టు కింద రాలుతుంది. ఆ తట్టడానికీ, ఆమె మాట్లాడటానికీ మధ్య ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను కిందికి చూడను, ఆమె మొహమే చూస్తుంటాను.

నిన్న సాయంత్రం తట్టి, గడప వైపు వంగి చూసింది.

"ఇవాళ మొత్తం దూదే," అంది.