ప్రొపెల్లర్ తిప్పే మనిషి

విదేశంలో క్లైడ్ నార్త్ అనే ఊళ్లో ఉండే అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు ఊరవతల ఎయిర్‌షో చూశాను. కర్రా గుడ్డా కలిపి చేసిన పాత విమానం పక్కన, ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన ముసలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మీరెప్పుడు ఎగురుతారు అంకుల్?" అనడిగాను.

"ఇక ఎగరను. దీనికి స్టార్టర్ లేదు. నేను లోపల కూర్చుంటే, ముందు నిలబడి ప్రొపెల్లర్ చేత్తో తిప్పేది మా ఆవిడ. నలభై ఏళ్లు తిప్పింది. కిందటి చలికాలం చనిపోయింది."

"నేను తిప్పనా?" అన్నాను, తెలివితక్కువగా.

"లోపలున్నవాడు పొరపాటు చేస్తే తిప్పేవాళ్ల చెయ్యి తెగిపోతుంది. వాణ్ణి నమ్మినవాళ్లే తిప్పాలి." వణుకుతున్న చేతులు చూపించాడు. "ఇప్పుడు నన్ను నేనే నమ్మను."

అంతలోనే ఆయన, ఏమీ జరగనట్టు, "ఎగరడానికి ఇవాళ భలే మంచి రోజు" అన్నాడు.

తలెత్తి చూశాను. ఒక్క మబ్బు లేదు.