పాలు పితికే చొక్కా

ఆడబిడ్డ అర్ధ మొగుడు అని సామెత. ఆ లెక్కన మా మరదలికి నేను అర్ధ మొగుణ్ణి. అసలు మొగుడు ఏడాదిలో ముప్పావు వంతు ఇంట్లో ఉండడు కాబట్టి ఆ పిల్ల తలనొప్పులకీ తగువులకీ ఈ అర్ధ మొగుడే గతి. మా రెండిళ్లకూ మధ్య ముళ్లకంచె. ఇవతల నా కుట్టుమిషను, అవతల వాళ్ల పశువుల పాక. మిషను తొక్కుతూ తల ఎత్తితే చాలు, అక్కడేం జరుగుతోందో కనిపిస్తుంది. చూడకుండా ఉండమంటారా? నావల్ల కాదు.

మా తమ్ముడు వంతెనలు కట్టే చోట క్రేను నడుపుతాడు. మేడల కంటే ఎత్తున, చిన్న అద్దాల గదిలో పొద్దస్తమానం ఒక్కడే కూర్చుంటాడు. కింద పనివాళ్లు వాణ్ణి 'పైవాడు' అంటారట. అందరికీ పైవాడు ఒక్కడే, మా మరదలికి ఇద్దరు. ఇద్దరూ పిలవగానే పలికే రకం కాదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పిల్లకు పశువు ముందు నిలబడాలంటేనే హడలు. వాళ్ల నాన్నది బడి పక్కన పలకలూ బలపాలూ అమ్మే కొట్టు. పాలంటే గిన్నెలోకి వచ్చేవి అనే తెలుసు. తమ్ముడు పనికి వెళ్లిన మర్నాడు పొద్దున్నే బకెట్టు పట్టుకుని గేదె పక్కన కూర్చుంది. గేదె వాసన చూసి ఒక్క తాపు తన్నింది. బకెట్టు ఒక మూల, పిల్ల ఒక మూల. సాయంత్రం మళ్లీ అదే భాగోతం. పొదుగు గట్టిపడి గేదె అరుస్తోంది, గట్టు మీద కూర్చుని ఇది ఏడుస్తోంది. నాకు ఒళ్లు మండింది.

"ఏడిస్తే పాలు చేపుతుందా ఏమిటే? దానికి మనిషి కాదు, వాసన గుర్తు. వాడు విప్పిపారేసిన చొక్కా ఏదైనా ఉంటే తొడుక్కుని కూర్చో."

దండెం మీద నీలం గళ్ల చొక్కా ఒకటి ఉతక్కుండా మిగిలింది. దాన్ని చీర మీదే తొడుక్కుని, చేతులు పైకి మడుచుకుని, భయపడుతూ కూర్చుంది. దూడను కాసేపు వదిలి పక్కకు లాగి కట్టింది. గేదె వెనక్కి తిరిగి వాసన చూసింది, తోక ఊపింది, చేపింది. పాలధార బకెట్టులో పడ్డ చప్పుడు నాకు కంచె ఇవతలికి వినబడింది. ఆ పిల్ల నవ్వూ వినబడింది.

ఆ చొక్కా అప్పటినుంచీ పాకలో మేకుకు వేలాడుతూ ఉంటుంది. వదులుగా ఉందంటే పక్కలు నొక్కి కుట్టిపెట్టాను. చేతులు పొట్టి చేశాను. కాలరు చిరిగితే తిరగేసి వేశాను. ఇన్నేళ్లకు అందులో తమ్ముడి గుడ్డ ఎంత, నా అతుకులెన్ని అంటే చెప్పలేను.

గేదెతో వచ్చిన ధైర్యం గేదె దగ్గర ఆగలేదు. బావి మోటారు నీళ్లెత్తకపోతే మొదట్లో మెకానిక్కుని పిలిచేది. అతను చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూసి చూసి, ఆ తర్వాత అతన్ని పిలవడం మానేసింది. గాలికి పాక రేకులు లేస్తే నిచ్చెన వేసుకుని తనే ఎక్కింది. "దిగవే తల్లీ, నా గుండె ఆగిపోయేలా ఉంది" అని నేను కింద గగ్గోలు పెడుతుంటే, "నిచ్చెన పట్టుకోండి వదినా, అరుపులు తర్వాత" అంది. నన్నే! కూరగాయల మడులు, కోళ్లు, గడ్డివాము, దూడకు జబ్బు చేస్తే పరుగులు, అన్నీ ఆ ఒక్క పిల్ల చేతుల మీదే నడిచాయి.

ఇంతా చేసి, ఫోనులో ఏం చెప్పేదో తెలుసా?

"మోటారు మొరాయిస్తోందండీ. మీరొచ్చి చూడాలి."

చేతులకు ఇంకా గ్రీజు ఉంది. అవతల తొట్టిలో నీళ్లు దబదబా పడుతున్నాయి.

"గేదె సరిగ్గా మేయడం లేదు. మీరుంటే మేసేది."

గేదె నోరు ఖాళీ లేకుండా నములుతోంది.

"ఎందుకే ఈ అబద్ధాలు?" అని నేను కడిగేశాను. చేతులు తుడుచుకుంటూ అంది: "ఆయన అక్కడ అంత ఎత్తున ఒంటరిగా కూర్చుని ఇంటి గురించే ఆలోచిస్తారు వదినా. ఇక్కడ అన్నీ చక్కగా జరిగిపోతున్నాయంటే, తను లేకపోయినా పర్వాలేదని బెంగ పెట్టుకుంటారు. రాను రాను చుట్టపుచూపుగా వచ్చిపోతారు. నాకు చుట్టం వద్దు."

మాటల్లోనే కాదు, చేతల్లోనూ అంతే. వాడు వచ్చే ముందు ఏదో ఒక పని అట్టే పెట్టేది. ఎక్కువగా వీధి గేటు. బందు వదులై గేటు ఓ పక్కకు వాలితే, చిటికెలో బిగించగలిగీ తాడుతో కట్టి వదిలేసేది. వాడు సంచీ దించీ దించకముందే స్క్రూడ్రైవరు అడిగేవాడు. గేటు బిగించి, రెండు మూడుసార్లు తీసి వేసి, ఛాతీ విరుచుకుని లోపలికి వచ్చేవాడు. ఆ పిల్ల వంటింటి కిటికీలోంచి చూసి మురిసిపోయేది. నేను కంచె ఇవతల తల కొట్టుకునేదాన్ని.

ఈసారి వచ్చినప్పుడు మాత్రం వాడు స్క్రూడ్రైవరు అడగలేదు. నన్ను కూడా పిలిచి, మధ్యాహ్నం భోజనాల దగ్గర చల్లగా చెప్పాడు.

"అక్కా, ఇక ఇంటికి తాళం వేసేస్తాం. పొలం పక్కవాళ్లు చేసుకుంటారు. పనిచోట గది చూశాను, మూడో అంతస్తు. గేదె కోసం రేపు పొద్దున్నే బేరగాడు వస్తాడు." అని పెళ్లాం వైపు తిరిగాడు. "ఫోను చేసిన ప్రతిసారీ ఏదో ఒక కష్టం. మోటారు ఆగిందంటావు, గేదె మేయదంటావు. నిన్నిలా వదిలేసి నేను పైన కూర్చుని తింటే నాకు సహిస్తుందా? నువ్వింక పడింది చాలు."

మంచికి పోతే చెడు ఎదురైందంటే ఇదే. మా మరదలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది.

గిన్నెలు కడిగే నెపంతో దాన్ని పెరట్లోకి లాక్కెళ్లాను. "నోరు పడిపోయిందా? చెప్పవేం?"

"ఏమని చెప్పను వదినా? ఇన్నేళ్లూ అన్నీ అబద్ధాలే చెప్పానని ఆయనతో చెప్పనా? మీ అవసరం లేకుండానే నడిచిందని ఆ మనిషి మొహం మీద అననా?" కళ్లు తుడుచుకుంది. "ఆయన పక్కన ఉండాలని నాకు మాత్రం ఉండదా? కానీ ఆ మూడో అంతస్తులో నేనేం చేయను? కిటికీలోంచి ఆయన క్రేను చూస్తూ కూర్చోనా?"

"అడగందే అమ్మైనా పెట్టదు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

"వద్దు. చెబితే నేనే చెప్పాలి."

సరే అన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను కానీ, ఆ రాత్రి మిషను మీద కుట్టిందే విప్పి మళ్లీ కుట్టాను. ఆ పిల్ల కట్టుకున్న బతుకంతా ఆ గేదె పలుపుతో పాటు ఒకడి చేతిలోకి పోబోతోంది.

తెల్లారింది. బేరగాడు వచ్చాడు. బక్కపలచటి మనిషి, నవ్వు ఎక్కువ. గేదె పళ్లు చూశాడు, చుట్టూ తిరిగాడు, "పాలు చూపించండి" అన్నాడు. మా మరదలు బకెట్టు అందుకోబోతే తమ్ముడు ఆపాడు. "చివరిసారి. నేను పితుకుతాను." వాడి పెంపకం కదా ఆ గేదె, ప్రాణం కొట్టుకుంది పాపం. కొత్త తెల్లచొక్కా, కమ్మటి సబ్బు వాసనతో వెళ్లి కూర్చున్నాడు.

గేదె తిరిగి చూసింది. తన్నింది. బకెట్టు దొర్లుకుంటూ బేరగాడి కాళ్ల దగ్గరికి వెళ్లింది.

"ఇది మీ గేదేనా అయ్యా, అరువు తెచ్చారా?" అన్నాడు బేరగాడు పడీపడీ నవ్వుతూ.

తమ్ముడి మొహం కందగడ్డ అయింది. మేకుకున్న చొక్కా కంటబడింది. "ఇది నాదే!" అని లాక్కుని తొడుక్కోబోయాడు. చేతులు దూరాయి, భుజాల దగ్గర బిగుసుకుపోయింది. గుండీలు దగ్గరికి రానే రాలేదు. లాగి చూశాడు, ఊపిరి బిగబట్టి చూశాడు. జేబులోంచి ఒక స్పానరు, మోటారు వాషర్లు రెండు, రేకులకు కొట్టే మేకులు గడ్డిలో పడ్డాయి. వంగి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఒక్కొక్కటీ తిప్పి చూశాడు.

"మోటారు ఎవరు బాగుచేశారు?"

"నేనే" అంది మా మరదలు.

"రేకులు?"

"నేనే."

"మరి ఫోనులో?"

"మీకంటూ ఇక్కడ ఒక పని మిగలాలని అలా చెప్పాను. తప్పే. కానీ ఈ ఇల్లు మూతపడితే నేను బతకలేను. గేదెను అమ్మొద్దు."

తమ్ముడు ఆ బిగుతు చొక్కాలో కదలకుండా నిలబడిపోయాడు. "అయితే నా అవసరం లేదన్నమాట" అన్నాడు నెమ్మదిగా. వాడి గొంతు అలా విని నాకే దుఃఖం వచ్చింది.

"పనికి అక్కర్లేదు" అంది ఆ పిల్ల. "నాకు కావాలి."

అని బకెట్టు కడుక్కొచ్చి, ఉన్న చీరతోనే గేదె పక్కన కూర్చుంది. "చొక్కా!" అన్నాను నేను కంగారుగా, తన్నుతుందేమోనని. గేదె కనీసం తిరిగి చూడలేదు. హాయిగా చేపింది. బకెట్టులో నురగ లేచింది.

తమ్ముడు నోరు తెరిచాడు. "చొక్కా లేకుండానే ఇస్తుందా?"

ఆ పిల్ల తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "దానికి ఆ చొక్కాతో పని తీరి చాలా ఏళ్లయింది. నాకే తీరలేదు."

బేరగాడు కూడా నవ్వడం మానేశాడు. తలపాగా సర్దుకుని, "ఈ గేదె నాకు గిట్టదులే అమ్మా" అని వెళ్లిపోయాడు. నేను మాత్రం అంత పొద్దున్నే పమిట చెంగు తడుపుకున్నాను. ఏళ్ల తరబడి ఆ గుడ్డకు అతుకులు వేసిందాన్ని, నాకూ తెలియలేదు చూడండి!

తాళం మాట మళ్లీ రాలేదు. తమ్ముడు ఉన్నన్నాళ్లూ మా మరదలి వెనకాలే తిరిగి మోటారు విప్పడం నేర్చుకున్నాడు. "వాషరు తిరగబడింది, కళ్లెక్కడ పెట్టుకున్నారు?" అని అది గదమాయిస్తే, నోరు మూసుకుని మళ్లీ విప్పాడు. గాలి వీస్తే పైన గది ఊగుతుందనీ, అప్పుడు తనకు కాళ్లు వణుకుతాయనీ మొదటిసారి దానికి చెప్పాడు. వెళ్లే ముందు గేటు బిగించాడు. పాత చొక్కా మేకుకే వదిలేసి, తెల్లచొక్కా కూడా విప్పి దాని పక్కన తగిలించాడు. "పక్కలు నొక్కకు అక్కా, ఇది నేనొచ్చి వేసుకుంటా" అన్నాడు.

ఇప్పుడు ఫోనులో అంతా నిజమే. మడులకు నీళ్లు నేనే పెట్టాను, దూడకు మందు నేనే పట్టాను అని ఫోను స్పీకరులో పెట్టి గొప్పలు పోతూ చెబుతుంది. అవతల తమ్ముడి నవ్వు నాకు కంచె ఇవతలికి వినబడుతుంది. మొన్న అంతా చెప్పేసి, చివర్లో గొంతు తగ్గించింది.

"గేటు మాత్రం మళ్లీ వాలిందండీ. మీరొచ్చి చూడాలి."

"నేను బిగించిన గేటు అప్పుడే ఎలా వాలిందే?"

"ఏమో మరి. వచ్చి చూసుకోండి."

"సరే, వచ్చే నెల సెలవు అడుగుతా" అన్నాడు వాడు.

నాకు ఆగుతుందా? మిషను ఆపి వెళ్లి చూశాను. గేటు నిక్షేపంలా ఉంది.