నాలుగు దేశాల జాబితాతో అమీర్‌పేటకు

మా సిమెంటు కర్మాగారంలో నేను పనిచేసే స్టోర్స్ విభాగాన్ని నెలాఖరుకు మూసివేస్తున్నట్టు నోటీసు అంటించిన రోజే ఈ ప్రయాణం ఖాయమైంది. నలభై ఐదేళ్ల వయసులో, డిగ్రీ లేని నా చేతిలో ఉన్నది ఒక్కటే: పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్న డేటాబేస్ పని. సాఫ్ట్‌వేర్ మనుషులకు ఎక్కడెక్కడ కొరత ఉందో పత్రికల్లో చదివి నాలుగు వరుసల పట్టిక గీసుకున్నాను: అమెరికా, జర్మనీ, సింగపూర్, దుబాయ్. ఎదురుగా ‘వారు అడిగేది’ అన్న గడులను ఖాళీగా ఉంచాను.

కోదాడలో ఉదయం ఐదింటి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తొమ్మిదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. అక్కడి నుంచి సిటీ బస్సులో లక్డీకాపూల్ మీదుగా పంజాగుట్ట చేరడానికి గంటకు పైగా పట్టింది. టికెట్టు తొమ్మిది రూపాయలు. అక్కడి కూడలిలో ఎంతసేపు ఆగవలసి వస్తుందో ఎవరూ చెప్పలేరు కనుక అపాయింట్‌మెంట్ పదకొండున్నరకు పెట్టుకోవడం మంచిదైంది. విదేశీ ఉద్యోగాలపై సలహాలిచ్చే ఆ కార్యాలయంలో ఒక మేడం గారు నా పట్టికను ఓపికగా చదివారు.

“అమెరికాలో మీ పనికి మనుషులు దొరకట్లేదండీ. కానీ డిగ్రీ లేకపోతే వీసా ఫైలు కదలదు. జర్మన్ ఏమైనా వచ్చా?”

“రాదండీ. సింగపూర్?”

“వాళ్లకి బ్యాంకుల్లో చేసినవాళ్లు కావాలి. దుబాయ్ వాళ్లకి సర్టిఫికెట్లన్నీ అటెస్ట్ చేయించి చూపించాలి. మీ దగ్గర ఏమున్నాయి?”

“నేను రాసిన ప్రోగ్రాం ఉందండీ.”

ఆవిడ నవ్వలేదు. “మీతో ఊరికే ఫీజు కట్టించలేనండీ” అని, మంచినీళ్లు ఇప్పించి పంపారు. గడులన్నీ నిండాయి.

షేర్ ఆటోలో ఐదు రూపాయలకు, సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే అమీర్‌పేటలోని మైత్రీవనం భవనం చేరి, కనీసం కొత్త నోట్సు అయినా కొందామని పక్క సందులో యాదగిరి గారి జిరాక్స్ దుకాణం దగ్గర ఆగాను. ఇక్కడ కోర్సుల నోట్సును జిరాక్సుకు జిరాక్సు తీసి కట్టలుగా అమ్ముతారు.

“ఏ దేశం పోతవన్నా? అమెరికాకు గా కట్ట, జర్మనీకి గీ కట్ట” అన్నాడాయన.

డేటాబేస్ కట్ట తిరగేస్తూ ఇరవై మూడో పేజీలో ఆగిపోయాను. రెండు పట్టికలను కలిపే ఉదాహరణలో, జత లేని వరుసలనూ నిలిపే ప్లస్ గుర్తు తప్పు వైపున ఉంది. అలా రాస్తే, గోదాము జాబితాలోనైతే సరుకు లేని గదులు మాయమవుతాయి. మా స్టోర్స్‌లో ఒకసారి నేనే ఆ తప్పు చేసి మూడు రోజులు వెతికాను. ఆయనకు చూపించాను.

“రెండేండ్లసంది ఇదే కొడుతున్న. మస్తు మంది పట్టుకపోయిన్రు. అంటే తప్పు సుత అమెరికా పోయిందా?”

“పోయే ఉంటుంది.”

“అయితే జర పైకి నడువన్నా. ప్రసాద్ సార్ పరేషాన్ల ఉన్నడు. డేటాబేస్ చెప్పే సారు మొన్న సింగపూర్ పోయిండు. సాయంత్రం డెమో క్లాసు ఉంది, చెప్పెటోడు లేడు.”

ప్రసాద్ గారిది ఆ మేడ మీది శిక్షణ సంస్థ. ఇరవై మూడో పేజీ చూసి ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు డిగ్రీ లేదని ముందే చెప్పేశాను.

“అదెందుకండీ నాకు? అమీర్‌పేటలో డెమోనే ఇంటర్వ్యూ. సాయంత్రం గంటసేపు చెప్పండి. విన్నవాళ్లలో సగం మంది రేపు మళ్లీ వస్తే ఉద్యోగం మీదే.”

ఆ సాయంత్రం నలభై మందికి మా స్టోర్స్‌లో మాయమైన గదుల సంగతే చెప్పాను. రాత్రికి ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో వంద రూపాయలకు మంచం దొరికింది. మర్నాడు ఏడింటికి తరగతి తలుపు దగ్గర నిలబడ్డాను. ముప్పై ఒక్కరు వచ్చారు. వారిలో ఒకడు పక్కవాడితో, “గీ సార్ సుత ఎన్ని దినాలుంటడో” అంటూ లోపలికి నడిచాడు.

ఒక దేశం డిగ్రీ అడుగుతుంది, ఒకటి భాష అడుగుతుంది. ఆ దేశాలన్నిటికీ మనుషులను పంపి పంపి ఈ సందుకే కొరత వచ్చింది. నేను దాన్ని పత్రికల్లో వెతకలేదు. పట్టికలో ఐదో వరుస గీసి ‘అమీర్‌పేట’ అని, ఎదురుగా ‘ఒక గంట’ అని రాసుకున్నాను.

ఇక్కడికి వచ్చేవారికి ఒక సూచన: మూడు రోజుల డెమో ఉచితం, అది వినకుండా ఫీజు కట్టవద్దు. డేటాబేస్ నోట్సు కొంటే ఇరవై మూడో పేజీ తీసి చూడండి. ప్లస్ గుర్తును నేను కలంతో దిద్దినట్టు ఉంటే అది కొత్త కట్ట.